నిమ్మగడ్డి కోసిన కన్ను

కంట్లో ఆకు గీసుకుంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు పోవాలి. నేను చెప్పాల్సింది ఇంతే. ఈ ఒక్క మాట చదివి మిగతాది పక్కన పెట్టేసినా నాకేం బాధ లేదు. నేను పోలేదు కాబట్టి మిగతాది రాస్తున్నాను.

నా పేరు లింగయ్య. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీగా పని చేశాను. చదువు యాభై దాటాక వచ్చింది. నా కూతురు స్వరూప సిటీ బస్సుల బోర్డులు చూపించి అక్షరాలు నేర్పింది. అందుకని నా రాతలో ఒత్తులు తప్పితే సర్దుకోండి. మార్కెట్టు ఊరి బయటకు వెళ్లిపోయినప్పుడు నా నడుము అంత దూరం రానంది. కొత్తపేటలో మేం కిరాయికి ఉండే పై పోర్షన్‌కు డాబా ఉంది. దాని మీద కూర్చుని వచ్చేపోయే మెట్రో రైళ్లు చూస్తూ ఉండేవాణ్ణి.

నా భార్య యాదమ్మ గుడి ముందు పూలు కట్టి అమ్ముతుంది. ఆమెకు ఖాళీగా కూర్చున్న మనిషిని చూస్తే గిట్టదు.

"డబ్బలన్ని గట్ల మూలకు పడేసినవ్. మట్టన్న వొయ్యి, మెంతికూరన్న మొలుస్తది" అంది ఒకరోజు.

పోశాను. పాత పండ్ల డబ్బాల్లో గోనెసంచి పరిచి, ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు కలిపి నింపాను. మెంతికూర మొలిచింది. తర్వాత ఒక్క డబ్బాలో నాలుగు రకాలు కలిపి పెట్టడం మొదలుపెట్టాను. అది నాకు కొత్త పనిలా అనిపించలేదు. లారీకి లోడు ఎక్కించడం వచ్చినవాడికి డబ్బా నింపడం వస్తుంది. ఎత్తుగా నిలబడేది మధ్యలో పెట్టాలి. దాని మోకాళ్లు కప్పేటట్టు గుబురుగా పెరిగేది చుట్టూ రావాలి. అంచు మీదుగా కిందికి జారే తీగ చివరన. నీళ్లు ఎక్కువ తాగేదాన్నీ తక్కువ తాగేదాన్నీ ఒకచోట కట్టేస్తే రెండూ చస్తాయి. పుదీనాను మాత్రం చిన్న టిన్నుతో సహా దించాలి, లేకపోతే పక్కదాని జాగా అంతా లాక్కుంటుంది.

రంగుల సంగతి యాదమ్మ నేర్పింది. మొదట్లో నేను బంతి, చామంతి, గులాబీ, అన్నీ ఒకే డబ్బాలో కుక్కాను. ఆమె చూసి నవ్వింది.

"ఏమయ్య, పెండ్లి బ్యాండు లెక్కున్నది. మాలల మరువం ఎందుకు పెడ్తరో ఎరుకనా నీకు? పక్కకు ఆకు ఉంటెనే పువ్వు కండ్లల్ల పడ్తది."

అప్పటి నుంచి నా డబ్బాల్లో పూలు తగ్గి ఆకు పెరిగింది. కనకాంబరం పక్కన మరువం, దాని వెనక ఊదారంగు ఆకుల క్రోటను. చేత్తో తాకితే వాసన వచ్చేది ఏదో ఒకటి అందులో ఉండాలి, వాము ఆకో, నిమ్మగడ్డో. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో నా డబ్బాలు కూర్చున్నాయి. జనం నన్ను పిలిచి చేయించుకునేవాళ్లు. ముసలితనంలో అదొక గర్వం. ఆ గర్వమే నన్ను ముంచింది అనుకుంటాను.

*శ్రావణం*

ఎల్బీనగర్‌లో కొత్త ఫ్లాటు తీసుకున్న భ్రమరాంబ గారు వరలక్ష్మీ వ్రతానికి గుమ్మం పక్కన పెట్టడానికి పెద్ద డబ్బా ఒకటి అడిగారు. ఆమెది గుంటూరు వైపు.

"లింగయ్యగారూ, పేరంటానికొచ్చినవాళ్లు లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగిపోవాలండీ. అలా ఉండాలి" అన్నారు.

మధ్యలో నిమ్మగడ్డి పెట్టాను. నడుము ఎత్తున నీటిధారలా పైకి లేచి వంగింది. చుట్టూ కనకాంబరం, మరువం. అంచున మనీప్లాంటు. నేను చేసినవాటిలో అంత అందమైంది ఇంకోటి లేదు. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

అంతా అయ్యాక చివర్లో నాకొక అలవాటు. డబ్బా ముందు గొంతుకూర్చుని, ఎడమకన్ను మూసి, కుడికన్ను అంచుకు ఆనించినంత దగ్గరగా పెట్టి ఆ చివర దాకా చూస్తాను. లారీ మీద లోడు ఒక పక్కకు ఒరిగిందా అని అట్లాగే చూసేవాణ్ణి. ఆ రోజు గాలి వీచింది. నిమ్మగడ్డి ఆకు అంచు సన్నటి రంపం. అది నేను మూయని కంటిని గీసింది.

నిప్పురవ్వ పడ్డట్టయింది. యాదమ్మ పరుగెత్తుకొచ్చి కొంగు ఉండ చేసి, నోటితో వెచ్చగా ఊది కంటికి ఒత్తింది. మార్కెట్లో మామిడికాయల డబ్బాల గడ్డి, దుమ్ము కళ్లల్లో పడటం రోజూ ఉండేది. తువ్వాలు ఊది ఒత్తుకుని మళ్లీ మూట ఎత్తేవాళ్లం. ఎవడూ దానికి దవాఖానకు పోలేదు. ఎవడి కన్నూ పోలేదు. నా లెక్క అది.

మర్నాడు డబ్బా ఇవ్వడానికి వెళ్తే భ్రమరాంబ గారు డబ్బాకన్నా ముందు నన్నే చూశారు.

"అయ్యో, ఆ కన్నేంటండీ అంత ఎర్రగా ఉంది? డాక్టరుకి చూపించారా?"

"వేడి చేసిందమ్మా. నందివర్ధనం పెట్టుకుంటె దిగుతది" అన్నాను.

మా ఇళ్లల్లో కళ్లు మండితే నందివర్ధనం పూలు రెప్పల మీద పెట్టుకుని పడుకుంటాం. చల్లగా హాయిగా ఉంటుంది. మూసిన రెప్ప మీద పువ్వు పెట్టుకోవడంతో ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నేను ఆగలేదు. పూలు నలిపి ఆ రసం కంట్లో పిండుకున్నాను. అదేమైనా బజారు పువ్వా? నా డాబా మీద, నా డబ్బాలో, మందు చుక్క కొట్టకుండా, ఎరువు వేసి నేను పెంచిన పువ్వు. దానికన్నా శుభ్రమైంది ఉంటుందని నాకు తోచలేదు. పొద్దునా సాయంత్రం పిండుకున్నాను.

స్వరూప దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షోరూంలో పని చేస్తుంది. మా వీధిలోనే కాపురం. వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"నాయినా, దవాఖానకు పోదాం పా. ఇయ్యాల నాకు లీవు దొరుకుతది."

"కంట్ల ఆకు గీస్కపోతె లీవు పెడ్తవా? నవ్వుతరు. పో, డ్యూటీకి పో."

"నవ్వితె నవ్వనియ్యి. నీ కన్ను జూస్తె నాకు భయమైతుంది."

"భయమైతె చూడకు" అన్నాను. నేను అట్లాగే మాట్లాడతాను.

తర్వాత మందుల దుకాణంలో అడిగి చుక్కలు తెచ్చుకున్నాను. వేసుకున్న రెండోనాటికి ఎరుపు పోయింది, మంట పోయింది. ఎంత సంబరపడ్డానో. స్వరూపను పిలిచి రెప్ప ఎత్తి చూపించాను, "ఏది నీ భయం?" అని. ఆ చుక్కలు పైకి ఎరుపు తగ్గించి, లోపల పెరిగేదానికి బలం ఇచ్చాయని తర్వాత తెలిసింది. కన్ను బాగైనట్టు కనపడిన ఆ కొన్ని రోజులే నాకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేశాయి. అప్పుడు గనక నొప్పి ఉంటే పోయేవాణ్ణేమో.

*వినాయక చవితి తర్వాత*

గణపతుల లారీలు కదులుతున్న రోజుల్లో నొప్పి తిరిగి వచ్చింది. ఈసారి కన్ను కాదు, తల సగం నొప్పి. వెలుతురు సూదిలా దిగేది. పగలు దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. యాదమ్మ దుప్పటి లాగి చూసింది.

"నల్లగుడ్డు మీద అన్నం మెతుకు లెక్క తెల్లగ ఏందో ఉన్నదయ్య" అంది.

స్వరూపకు ఫోను చేసింది. ముగ్గురం మెట్రో ఎక్కాం. కంటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో యాదమ్మ భుజం పట్టుకుని నడిచాను. స్వరూప దారంతా ఒక్క మాటే అంది.

"నువ్వు జెప్తె వినవు. ఇప్పుడు అమ్మ కొంగు పట్టుకొని నడువ్."

తువ్వాలు ఇంకొంచెం కిందికి లాక్కున్నాను.

పెద్ద కంటి దవాఖానలో వరండా నిండా జనం. అందరూ ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్లే. అందరం తల వంచుకునే కూర్చున్నాం. వరిగడ్డి తగిలినవాళ్లు, చెరుకాకు తగిలినవాళ్లు, ఇటుకపొడి పడ్డవాళ్లు. ప్రతివాళ్లూ ఏదో ఒకటి కంట్లో పోసుకునే వచ్చారు. ఒకరు ఆముదం, ఒకరు తేనె. నేనొక్కణ్ణే మూర్ఖుణ్ణి కాదని కొంచెం ఊరట కలిగింది. ఆ ఊరట ఎందుకూ పనికిరాదు.

డాక్టరమ్మ మా స్వరూప వయసు పిల్ల. కంట్లోకి లైటు వేసి అడిగింది.

"తాతా, కంట్ల ఏమేసిన్రు?"

"ఏం వెయ్యలేదమ్మ."

"అబద్ధమమ్మా!" యాదమ్మ అందుకుంది. "నందివర్ధనం పువ్వు పిండిండు. రోజు పిండిండు. దుకాణంల చుక్కలు గూడ వేస్కుండు. వద్దంటె నా మీదికి లేశిండు."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మొక్కకు ఏం ఎరువు వేస్తావు అని మాత్రం అడిగింది. చెప్పాను. "బూజు పట్టింది తాతా. కంటి పొర మీద బూజు పెరుగుతుంది. ఆకుతోని వచ్చిందో పువ్వుతోని వచ్చిందో చెప్పలేను. రెండిట్లనూ ఉంటది" అంది.

బూజు అంటే నాకు ఒకరు చెప్పాలా? బత్తాయి డబ్బాలో ఒక్క కాయకు తెల్లగా చుక్క కనపడితే ఏమవుతుందో జీవితమంతా చూశాను. చూసిన వెంటనే తీసి పారేస్తే డబ్బా నిలుస్తుంది. రేపు చూద్దాంలే అంటే డబ్బా మొత్తం పోతుంది. చుక్క చూడగానే కాయ తీసి పారేసే చేతులు నావి. నా కంటి దగ్గరకు వచ్చేసరికి రేపు చూద్దాం అన్నాను.

"చూపు ఒస్తదా బిడ్డా?" అని అడిగాను.

"ముందు గుడ్డు నిలబడాలె తాతా. పొరకు రంధ్రం పడితె కన్ను తీసెయ్యాల్సొస్తది. చూపు సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

యాదమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను గోడ మీద ఫ్యాను స్విచ్చుల వైపు చూస్తూ ఉండిపోయాను.

*దసరా నుంచి దీపావళి దాకా*

గంట గంటకూ చుక్కలు. పగలూ రాత్రీ. యాదమ్మ పూలు కట్టడం మానేసింది. స్వరూప పొద్దున డ్యూటీకి పోయే ముందు వచ్చి చుక్కలు వేసి, సాయంత్రం వచ్చి మళ్లీ వేసేది. నాతో మాట్లాడేది కాదు. రెప్ప పట్టుకున్న వేళ్లు మాత్రం మెత్తగా ఉండేవి. ఒకసారి చుక్క చెంప మీద పడితే తన చున్నీతో తుడిచి, "కదలకు" అంది. ఆ వారమంతా నాతో అన్న మాట అదొక్కటే.

దవాఖానకు పోయిన ప్రతిసారీ కంటి పైపొర గీకేవాళ్లు. మత్తు చుక్కలు వేసినా గీకుతున్న చప్పుడు నెత్తిలో వినిపించేది. అక్కడే మలక్‌పేట నుంచి వచ్చే రజియా బేగం పరిచయమైంది. ఆమె భర్త కంటికి కూడా ఇదే రోగం. వెల్డింగ్ షాపులో ఏదో ఎగిరిపడింది. మమ్మల్ని చూడగానే తన బుర్ఖా సర్దుకుంటూ జరిగి, ట్యూబులైటుకు వీపు వచ్చే చోటు నాకిచ్చేది.

"ఇక్కడ కూసో భాయ్. గా లైటు దుష్మన్ మనకు."

యాదమ్మ ఏడుస్తుంటే ఒకరోజు ఆమె అంది. "ఎందుకు పరేషాన్ అయితవ్ అక్కా? నీ మొగుడు ఒక్క కంటితోని గూడ సగం జూస్తడు. నా మొగునికి రెండున్నప్పుడు గూడ ఇంట్ల ఉప్పు ఎక్కడున్నదో కనపడకపోతుండె."

ఆ వరండాలో మేం నలుగురం నవ్వాం. ఆమె భర్త కూడా నవ్వాడు, కంటికి పట్టీతో. తర్వాతి వారానికి వాళ్లు రాలేదు. ఆయన కన్ను తీసేశారని నర్సు చెప్పింది. ఆ రోజు ట్యూబులైటుకు వీపు వచ్చే చోటు ఖాళీగా ఉన్నా నేను అక్కడ కూర్చోలేదు.

డాక్టరమ్మ మట్టి ముట్టొద్దంది, డాబా ఎక్కొద్దంది. యాదమ్మ నాకు చుక్కలు వేస్తూ, వంట చేస్తూ, పైకి నీళ్లు మోస్తూ ఎన్ని చూస్తుంది? ముందు కనకాంబరాలు పోయాయి. తర్వాత మరువం. ఏది పోయిందో ఆమె నాకు చెప్పేది కాదు. ఎండిన కొమ్మలు సంచిలో వేసుకుని మెట్లు దిగే చప్పుడు విని నేనే తెలుసుకునేవాణ్ణి.

భ్రమరాంబ గారు చూడటానికి వచ్చారు. పండ్లు తెచ్చారు. మంచం పక్కన కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక డబ్బా గురించి చెప్పారు.

"మీరిచ్చింది ఎంత ఏపుగా పెరిగిందనుకున్నారండీ. వచ్చినవాళ్లంతా దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు." అనేశాక నాలుక కరుచుకున్నారు. కళ్లు తుడుచుకుంటూ, "నా పూజ కోసం చేస్తూ మీకు ఇలా అయింది" అన్నారు.

"మీ పూజ ఏం చెయ్యలేదమ్మ. గీసింది ఆకు. ఖరాబు జేస్కున్నది నేను. మీరు ఆ రోజే డాక్టరుకు చూపించమన్నరు. మర్చిపోయిన్రా?"

ఆమె మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. రోజుకు ఎన్నిసార్లు ఆ గుమ్మంలో నిలబడతానో నాకే తెలుసు. ఆమె "చూపించారా?" అని అడుగుతారు, నేను "ఇప్పుడే పోతున్నమ్మ" అంటాను, ఆటో ఎక్కుతాను. మంచం మీద పడుకుని ఈ ఆటో నేను చాలాసార్లు ఎక్కాను. ప్రతిసారీ కన్ను తెరిస్తే మా ఇంటి గోడే ఉండేది.

*మాఘం*

గుడ్డు నిలబడింది. దీపావళి అయ్యాక బూజు ఆరడం మొదలైంది, చలి తగ్గేసరికి పూర్తిగా ఆరింది. డాక్టరమ్మ ఆ మాట చెప్పినప్పుడు యాదమ్మ అక్కడే ఆమె చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకుంది. అయితే బూజు పోయిన చోట తెల్లటి మచ్చ మిగిలింది, సరిగ్గా నల్లగుడ్డు మధ్యలో. కిటికీ అద్దానికి సున్నం కొట్టినట్టు.

"పొర మార్చొచ్చు తాతా. ఎవరన్న చనిపోయినోళ్ల ఇంటోళ్లు కండ్లు దానమిస్తే. పేరు రాసిపెడ్తున్న. ఎప్పుడు ఒస్తదో, పెట్టినంక ఎంత నిలుస్తదో గ్యారంటీ చెప్పను."

పేరు రాయించాను. ఇంటికొచ్చాక అది నన్ను తిననివ్వలేదు. నా కన్ను వెలగాలంటే ఎవరి ఇంట్లోనో ఏడుపు లేవాలి. ఫోను మోగితే ఆశపడతాను, ఆశపడ్డందుకు సిగ్గుపడతాను. యాదమ్మా నేనూ మా కళ్లు ఇస్తామని మేము కూడా రాసిచ్చాం. నా కుడికన్ను తీసుకోరు, తెలుసు. ఎడమది పనికొస్తుందేమో.

ఇప్పుడు డాబా ఎక్కుతున్నాను, కళ్లజోడు పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని. ఒక కంటితో దూరం తెలియదు. డబ్బాలో అనుకుని నీళ్లు బయట పోస్తాను. మొక్క మధ్యలో దించాననుకుంటాను, చేత్తో తడిమితే అంచున ఉంటుంది. స్వరూప మళ్లీ మాట్లాడుతోంది, ఎక్కువగా తిట్టడానికే. నాకు అదే బాగుంది.

పోయిన ఆదివారం యాదమ్మ తనే ఒక డబ్బా కట్టింది. కనకాంబరం, మరువం. నన్ను దాని ముందు కూర్చోబెట్టి, వెనక నిలబడి, తన అరచేత్తో నా ఎడమకన్ను మూసింది. చెయ్యి నిండా మరువం వాసన.

"ఏం కనపడ్తుంది?"

చాలాసేపు చూశాను. పాలల్లో రంగు కలిపినట్టు ఏదో కదిలింది.

"ఎర్రగ ఉన్నది. కనకాంబరం రంగు."

"పువ్వు?"

"పువ్వు లేదు. రంగే."

"ఆకులు?"

"లెవ్వు."

ఆమె చెయ్యి తియ్యలేదు. "రంగన్న కనపడ్తుంది గద. చాలు తియ్" అంది.

"చాలదే" అన్నాను.

నా ఎడమకన్ను మీద ఆ అరచెయ్యి తడిగా ఉంది. ఆ తడి నా కంటిదో ఆమె చేతిదో నేను అడగలేదు.